బ్యాటరీకి పెట్టిన బొట్టు

"మంచోడే పాపం. ఒక్క కుంకుమనే డూప్లికేట్."

సేట్ పోయాడన్న కబురు మా ట్రాలీ ఆటోల స్టాండుకు వచ్చిన పొద్దున, తోటి డ్రైవర్ యాదగిరి అన్న మాట ఇది. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసు ముందు చాయ్ బండి దగ్గర నిలబడి అన్నాడు. ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో బిస్కెట్. బిస్కెట్ ముంచి, మెత్తబడిందో లేదో చూసుకుని, నోట్లో వేసుకుని, నమిలి, మింగి, తీరిగ్గా అన్నాడు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని పెద్దలు చెప్పారు. మా స్టాండువాళ్ళు పెద్దల మాట జవదాటరు. మంచి మాటే చెబుతారు. చెడు అందులో సమోసాలో ఉల్లిగడ్డలా మడిచి ఉంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను అందరూ జోకర్ అంటారు. చావు ఇంట్లో కూడా నవ్వించగలనని నాకు పేరు. ఏడో తరగతిలో నేను బడి వదిలేశాను, బడి కూడా నన్ను ఆపలేదు. అప్పటి నుంచి నోటితోనే బతుకుతున్నాను. ఆ పొద్దున మాత్రం నా నోటికి ఒక్క జోక్ రాలేదు. అందుకే రాస్తున్నాను. ఆయన కుంకుమ సంగతి ఈ ఊళ్ళో ఒక్కడైనా సరిగ్గా చెప్పాలి.

సేట్ అంటే మెడలో గొలుసు, కడుపు ముందుకొచ్చిన సేట్ అనుకోకండి. గాలి వేస్తే దుకాణంలోకి కొట్టుకుపోయేటంత బక్కమనిషి. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణాల వెనక గల్లీలో, తలుపు ఎంత వెడల్పో అంత దుకాణం. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు. తాత పెట్టిన దుకాణం, తండ్రి నడిపిన దుకాణం, ఈయన కూర్చున్న దుకాణం. కుంకుమ బయట కొనేవాడు కాదు. పైన అటక లాంటి గదిలో భార్యా ఆయనా కలిసి చేసేవాళ్ళు. పసుపు, సున్నపు తేట, ఇంత నువ్వుల నూనె. అంతే. ఇంకేమీ కలపరు.

వేలికి అంటిన కుంకుమను గుడ్డతో తుడుచుకునేవాడు కాదు. ద్వారబంధానికి రాసేవాడు. వాళ్ళ నాన్న అక్కడే రాశాడు, వాళ్ళ తాతా అక్కడే రాశాడు. నడుము ఎత్తులో ఆ చెక్క మీద ఎర్రటి పొర మందంగా పేరుకుపోయింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు అదేదో దేవుడనుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు.

"దేవుడు కాదమ్మా, అది మా నాయన చెయ్యి," అనేవాడు సేట్. వాళ్ళు అయినా మొక్కేవాళ్ళు. "మొక్కు, నాయనకు ఇయ్యాల గిరాకీ మంచిగున్నది," అనేవాడు.

నోరు మంచిది కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరైనా, "సేట్, జర ఇంకింత ఎర్రగ లేదా?" అంటే చాలు.

"ఉన్నది. పక్క గల్లీల పెయింట్ల దుకాణంల దొరుకుతది. డబ్బా తెచ్చుకో, బ్రష్ నేను ఇస్త."

గిరాకీ వెళ్ళిపోయేది. ఆయనకు ఫికర్ లేదు.

ఇలాంటి మనిషికి బ్యాటరీలతో ఏం పని? ఏ పనీ లేదు. మా యాదగిరి కల్పించాడు.

దసరాకి మా స్టాండులో బండ్లకు పూజ చేస్తాం. కడుగుతాం, దండలు వేస్తాం, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. స్టీరింగుకు బొట్టు, లైట్లకు బొట్టు, టైర్లకు బొట్టు. యాదగిరికి భక్తి ఎక్కువ, పని తక్కువ. బండిలో పార్సిళ్ళకన్నా దేవుళ్ళు ఎక్కువ ఉంటారు. ఆ దసరాకి బ్యాటరీకి కూడా పూజ చేశాడు. "సెల్ఫ్ కొట్టేది గదే కదనే, అసలు దేవుడు గాడనే ఉన్నడు," అన్నాడు. మా ట్రాలీ బండ్లకు బ్యాటరీ పక్కన, కింద, బయటికే ఉంటుంది. వానంతా దానికే, దుమ్మంతా దానికే. యాదగిరి బండి కొన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. టర్మినళ్ళు రెండూ కనబడటం లేదు. వాటి మీద తెల్లగా, అంచుల్లో నీలంగా, పాచిపోయిన పెరుగు గట్టిపడినట్టు చిలుము పట్టి ఉంది. దాన్ని గీకాలని తోచలేదు మహానుభావుడికి. దాని మీదే సేట్ దుకాణం కుంకుమ పిడికెడు మెత్తాడు. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు కూడా అక్కడే పోశాడు. అభిషేకం!

తెల్లారి తాళం తిప్పితే బండి కట్ కట్ అంది, లేవలేదు. వంగి చూస్తే ఎర్రగా పెట్టిన బొట్టు పచ్చగా ఉంది. అక్కడక్కడా కాదు, మొత్తం. పసుపుకొమ్ము అరగదీసినట్టు.

యాదగిరి గుండెలు బాదుకున్నాడు. "బొట్టు పలిగింది! డూప్లికేట్ కుంకుమ! కెమికల్ కలిపిండు! నా బ్యాటరీని తినేసింది!"

చిలుము బ్యాటరీని ఏళ్ళ తరబడి తింటుంటే చూడని కళ్ళు, రాత్రికి రాత్రి కుంకుమ తినేసిందని కనిపెట్టాయి. కనిపెట్టి ఊరుకున్నాడా? అరడజను మందిని వెంటబెట్టుకుని ఆబిడ్స్‌కి నడిచాడు. దారి పొడుగునా చెప్పుకుంటూ నడిచాడు. గల్లీలోకి వెళ్ళేసరికి పెళ్ళి ఊరేగింపంత మంది అయ్యారు. మిగిలిన పొట్లం సేట్ ముఖం మీదికి విసిరాడు.

"ఏంది సేట్, దేవుని పేరు మీద గిట్ల మోసం చేస్తవా?"

సేట్ పొట్లం తీసి, వాసన చూసి, వేలితో రాసి చూశాడు. "ఇది నాదే. దీంట్ల ఏం తప్పున్నది?"

"పొద్దుగాలకు పచ్చగైంది!"

"దేని మీద పెట్టినవ్?"

"బ్యాటరీ మీద."

"బ్యాటరీకి బొట్టేందిరా, దానికేమన్న పెండ్లా?"

నవ్వాల్సిన మాట. ఎవరూ నవ్వలేదు. ఒకడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. సేట్ చెయ్యి ఎత్తి అరుస్తున్న ముక్క మాత్రం కోసి, 'ఆబిడ్స్‌లో డూప్లికేట్ కుంకుమ, ఆడవాళ్ళు జాగ్రత్త' అని కింద రాసి పంపాడు. అది సాయంత్రానికి గన్‌ఫౌండ్రీ దాటి, బషీర్‌బాగ్ దాటి, ఎవరెవరి ఇళ్ళలోకో పోయింది. నిజానికి కాళ్ళుంటాయంటారు. అబద్ధానికి ఫోనుంటుంది.

మందంతా వెళ్ళాక నేను ఆగాను. సేట్ ద్వారబంధం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వేలు ఆ ఎర్రపొర మీద ఉంది, రాయడం లేదు, ఊరికే ఉంది.

"సేట్, నీ కుంకుమ తప్పు లేదు. ఆ బ్యాటరీ మీద తెల్లగ చిలుము పట్టి ఉంది. అదంతా యాసిడే," అన్నాను.

ఆయన చటుక్కున తల తిప్పాడు. "యాసిడా? అంటే పులుపా?"

"పులుపుకు నాయన."

సేట్ దేవుడి పటం ముందున్న నిమ్మకాయ తీసి కోశాడు. చిటికెడు కుంకుమ కాగితం మీద వేసి పిండాడు. ఎర్రది పచ్చబడింది. అలాగే పచ్చగా, యాదగిరి బ్యాటరీ మీద ఉన్నట్టే.

"చూస్తున్నవారా? సున్నం తగిలితే పసుపు ఎర్రగైతది, పులుపు తగిలితే మళ్ళ పచ్చగైతది. ఇంటింటికి ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీస్తరు కద, గా మాత్రం తెల్వదా వీళ్ళకు? నాది అసలుది కాబట్టే పచ్చగైంది! రంగు పౌడరైతే యాసిడ్ పోసినా పండ్లు ఇకిలించుకుంట ఎర్రగనే ఉంటుండె." కాగితం నా ముక్కు కింద పెట్టి ఊపాడు. "పులుపు పడ్డంక కూడ రంగు మారకపోతే, దానికి సిగ్గు లేనట్టు."

ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. గిరాకీలకు చెప్పేవాడు, పాలవాడికి చెప్పేవాడు, గల్లీ కుక్కకు కూడా చెప్పేవాడని నా అనుమానం.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరవకముందు సేట్ మా స్టాండుకు వచ్చాడు. చేతిలో బట్టల సోడా కలిపిన నీళ్ళ సీసా, పాత పండ్ల బ్రష్. చాయ్ బండి దగ్గర ఒక గ్లాసు వేడినీళ్ళు అడిగి అందులో కలుపుకున్నాడు. అందరూ మూగారు. యాదగిరి బండి పక్కన గొంతుకూర్చుని, పచ్చబడిన బొట్టు మీద ఆ నీళ్ళు కొంచెం కొంచెం పోశాడు. బుసబుసమని నురుగు పొంగింది. పొంగి తగ్గేసరికి పచ్చది మళ్ళీ ఎర్రబడింది. అందరి కళ్ళ ముందు. నేను చప్పట్లు కొట్టాను.

నేనొక్కడినే కొట్టాను.

"సోడాల రంగు కలుపుకొచ్చిండు," అన్నాడు యాదగిరి.

సేట్ సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. "కండ్లున్నయారా నీకు?"

"కనవడని రంగు కూడ వస్తుంది సేట్ ఇప్పుడు."

కనబడని రంగు! ఇలాంటి బుర్రకి బ్యాటరీ ఏం ఖర్మ, డైనమో పెట్టినా లైటు వెలగదు.

సేట్ సీసా పక్కన పెట్టాడు. వైర్లు ఎలా విప్పాలని నన్ను అడిగాడు. ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర అని చెప్పాను. "సమజైంది. బంతి భోజనంల ఇంటాయన లెక్క. అందరికన్న ముందు లేస్తడు, అందరికన్న ఆఖరికి కూసుంటడు," అన్నాడు. నేను ఇన్నేళ్ళు తోలుతున్నాను, నాకు ఈ పోలిక తట్టలేదు, అదొక ఈర్ష్య. విప్పి, చిలుమంతా తోమి, మంచినీళ్ళతో కడిగి, తుడిచి, బిగించి, పైన వాజిలిన్ రాశాడు. యాదగిరి తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకు లేచింది బండి.

ఇప్పుడైనా ఏమంటాడు?

"చూసిన్రా భయ్, తప్పు చేసిండు కాబట్టే వచ్చి కడిగిండు."

నా చేతిలో స్పానర్ ఉంది. నేను దాన్ని కింద పెట్టాను. ఇప్పటికీ ఎందుకు పెట్టానా అనుకుంటాను.

సేట్ ఆ పూటతో ఆగలేదు. రోజూ వచ్చేవాడు. వరసగా ఒక్కొక్క బండి దగ్గర గొంతుకూర్చోవడం, మోకాళ్ళు టక్కుమనడం, "అమ్మ" అనడం, విప్పడం, తోమడం. మా అందరి చిలుమూ ఆయనే వదిలించాడు. ప్రతి బ్యాటరీ మూత మీద, టర్మినల్ పక్కన, చివరికి చిన్న బొట్టు పెట్టేవాడు. "ఎర్రగున్నదంటే యాసిడ్ బయటికొస్త లేదు. పచ్చగైతే నన్ను పిలువుర్రి." మా బండ్లు చలికాలంలో కూడా మొదటి దెబ్బకే లేచేవి. బొట్లు ఎర్రగా ఉండేవి. తన బొట్టు ఎర్రగా ఉండటం అందరూ చూడాలి, ఆయనకు కావలసింది అదొక్కటే. అరవై దాటిన మనిషి నడుం వంచి ఎవరెవరి బండ్లో కడిగింది దానికోసమే.

అందరూ చూశారు. చూసి ఏమన్నారో తెలుసా?

"ఇప్పుడు ఒరిజినల్ తెస్తుండు. మనం గట్టిగ అడిగినంక బుద్ధొచ్చింది."

పచ్చబడితే నకిలీ. ఎర్రగా ఉంటే, ఇదివరకటిది నకిలీ. కోర్టు మాకు కూతవేటు దూరంలోనే ఉంది కానీ, ఈ తీర్పు మీద అప్పీలు ఎక్కడ వేసుకోవాలో ఏ వకీలూ చెప్పలేడు.

దుకాణానికి గిరాకీ పడిపోయింది. ఒకరోజు నేను అక్కడుండగా మెరిసే పొట్లాలతో ఒక సేల్స్ కుర్రాడు వచ్చాడు. రంగు పౌడర్. "నిమ్మకాయ పిండినా మారదు సేట్, గ్యారంటీ. ఇప్పుడు అందరు గిదే అడుగుతున్నరు," అన్నాడు. నిజమే, అందరూ అదే అడుగుతున్నారు. గిరాకీలు దుకాణంలోనే నిమ్మకాయ పిండి చూసి, రంగు మారితే పెదవి విరిచి వెళ్ళిపోతున్నారు. సేట్ నేర్పిన పరీక్షే! ఫలితం మాత్రం తలకిందులుగా చదువుకుంటున్నారు. నేను బడిలో పరీక్ష తప్పినవాణ్ణే, కానీ మార్కుల కాగితం తలకిందులుగా పట్టుకుని ఫస్టొచ్చానని ఎప్పుడూ చెప్పుకోలేదు.

సేట్ ఆ పొట్లాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పైనుంచి రోకలి చప్పుడు వినిపిస్తోంది, ఆవిడ పసుపు దంచుతోంది. ఆయన పైకి చూశాడు, పొట్లం చూశాడు. తర్వాత కుర్రాడి చేతిలో పెట్టేశాడు.

"తీసుకపో బేటా. సిగ్గు లేనిదాన్ని మా ఆమె నొసట ఎట్ల పెట్టాలె?"

ఆయన్ని అసలు దెబ్బ కొట్టింది మా స్టాండు కాదు, సొంత అక్క. ఆమె మనుమరాలి పెళ్ళికి సామాను నా బండిలోనే తీసుకెళ్ళాను. సేట్ నా పక్క సీట్లో కూర్చున్నాడు, ఒళ్ళో కొత్త ఇత్తడి డబ్బా నిండా కుంకుమ. ఆ ఇంట్లో ఏ పెళ్ళికైనా ఈ దుకాణం కుంకుమే. ఫంక్షన్ హాల్లో గంగాళాలు దించుతూ నేను చూశాను. ముత్తైదువలకు బొట్టు పెట్టే పళ్ళెంలో తళతళలాడే రంగు పౌడర్ ఉంది. ఇత్తడి డబ్బా మూత కూడా తీయకుండా, మూల చెప్పుల పక్కన ఉంది.

సేట్ అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆమె గొంతు తగ్గించి అంది, "ఏం అనుకోకురా తమ్మీ. ఫోన్ల గట్ల వచ్చింది కద. శుభకార్యం, మగపెండ్లోళ్ళు ఏమన్న అంటరని..."

ఎంత నోరున్న మనిషి! పెయింట్ల దుకాణం మాట కూడా రాలేదు. డబ్బా తీసుకుని వచ్చి నా బండిలో కూర్చున్నాడు. భోజనం చేయలేదు. నేను పది జోకులు వేశాను, ఒక్కటి పేలలేదు. మర్నాడు స్టాండుకు వచ్చి నా బండి టర్మినల్ ఎంత గట్టిగా తోమాడంటే బ్రష్ విరిగింది. విరిగిన ముక్క వైపు చూస్తూ, "ముందు మైనస్ విప్పాలె. ఇంటాయనే ముందు లేవాలె," అన్నాడు. అంతే. ఆ తర్వాత స్టాండుకు రావడం తగ్గించాడు. మళ్ళీ దసరా రాకముందే పోయాడు, దుకాణంలో, కూర్చున్నచోటే.

పెద్దదినం నాడు కర్మకు సామాను తెచ్చింది నా బండే. మా స్టాండువాళ్ళంతా వచ్చారు. యాదగిరి కూడా వచ్చాడు, ఎక్కడ భోజనం ఉంటే అక్కడ వాడి భక్తి ఉంటుంది. గల్లీలో షామియానా వేశారు. లోపల ఆడవాళ్ళు సేట్ భార్యను పీట మీద కూర్చోబెట్టారు. బొట్టు తుడవాలి. తుడవడానికి ముందుకొచ్చింది ఎవరు? ఆ అక్కే. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు, పద్ధతి ప్రకారం ఆమె చేతి మీదే జరగాలట.

సేట్ భార్య గొంతు నేను అంతకుముందు సరిగా విన్నది లేదు. పైనుంచి రోకలి చప్పుడే ఆమె గొంతు. ఆ రోజు గల్లీ చివరిదాకా వినబడింది.

"ఆగు వదినె. పెండ్లికి పనికిరాని కుంకుమ, తుడువనీకె ఎట్ల పనికొస్తది?"

అక్క చెయ్యి ఆవిడ నుదుటి ముందే ఆగిపోయింది.

"ఇది ఆయన చేసిందే. పొద్దుగాల నేనే పెట్టుకున్న. డూప్లికేట్ అన్నరు కద మీరంత. డూప్లికేట్ అయితే నా నొసట ఏం లేనట్టే, ఏం లేనిది ఏం తుడుస్తవ్? కాదు, అసలుదే అంటవా? గా ముచ్చట గీ మంది ముంగట చెప్పు. చెప్పి తుడువు."

వంటవాడు గరిటె ఆపాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అసలుదేనే," అంది.

"జర గట్టిగ. బయట ఆయనతోని బండ్లు కడిగించుకున్నోళ్ళున్నరు, వాళ్ళకు వినవడాలె."

"అసలుదే! నా తమ్ముని చేతిది అసలుదే!" అని అరిచి ఆమె భోరుమంది.

సేట్ భార్య నుదురు ముందుకు వంచింది. "ఇగ తుడువు."

అక్క తుడవలేదు. చెయ్యి దించుకుని అక్కడే, పీట పక్కన నేల మీద కూలబడింది. ఆ బొట్టు ఆవిడ నుదుటనే ఉంది. సేట్ భార్య లేచి, వేలితో బొట్టును తాకి, వేలికి అంటిన కుంకుమను వెళ్ళి ద్వారబంధానికి రాసింది.

నేను యాదగిరి ముఖం చూశాను. వాడు ద్వారబంధం పక్కనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు, ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాడు. నేను చాలాసేపు చూశాను.

రంగు మారలేదు.